సగం కట్టి వదిలేయమన్నారు, నేను వదల్లేదు

ప్రభువునందు ప్రియ సహోదరులారా, సహోదరీలారా! మా షామియానా షాపు కుర్చీలో కూర్చోనివాడు దివిసీమలో పుట్టలేదని కోడూరు సెంటర్లో మీసం తిప్పినవాణ్ణి నేను. అలాంటి నేను ఫైనాన్సులో జనరేటరు కొన్నాను, కొన్న ఏడాదే తుపాను వచ్చి పెళ్లిళ్లు ఆగి, సువార్త కూటాలు ఆగి, కుర్చీలన్నీ గొడౌనులో ఒకదాని మీద ఒకటి ఎక్కి పరలోకం దాకా పెరిగిపోతే, కిస్తీలు ఎక్కణ్ణుంచి కట్టను?

వసూలు కుర్రాడు ఫోను మొదలుపెట్టాడు. అది ఎంత మోగిందంటే హంసలదీవి దగ్గర సముద్రం హోరు తగ్గించుకుని విన్నది. ఒక ఆదివారం ఆరాధనకే వచ్చి నా బాకీ సంగతి పక్కవాళ్లకు చెప్పాడు, నా భార్య సుగుణ తల ఎత్తలేకపోయింది. ఆ రోజు మోకాళ్ల మీద పడి, "తండ్రీ, ఈ కుర్రాణ్ణి ఏమీ చెయ్యొద్దు, ఈ అప్పును మాత్రం నా మెడ మీంచి దించు" అని ఏడ్చాను.

వారం తిరక్కుండా అదే కుర్రాడు వచ్చి, "అంకుల్, సగం కట్టెయ్యండి, సెటిల్ చేసేస్తాం, ఇంక మీ గుమ్మం తొక్కను" అన్నాడు. మన సీమలో తగవు ఎలా తెగుతుందో మీకు తెలుసు. పెద్దమనుషులు కూర్చుంటారు, సగానికి తెంపుతారు, టీ తాగుతారు, ఆ మాట మళ్లీ ఎత్తినవాడు మనిషే కాడు. నాకు రావలసిన అద్దెలన్నీ నేనలాగే తెంపుకున్నాను. అందుకే సుగుణ గాజులమ్మి సగం కట్టి, ఇదే మైకులో సాక్ష్యం చెప్పి, సంఘానికంతటికీ బిరియానీ పెట్టాను, ఆ వాసనకి అవనిగడ్డ బస్సు దారి తప్పింది!

తర్వాత, గాలి వీస్తే చాలు ఊరు చుట్టి వచ్చే మా ఇంటి రేకులు తీసి శ్లాబు వేద్దామని బందరు బ్యాంకుకి లోను కోసం వెళ్లాను. మేనేజరు గారు నా క్రెడిట్ రిపోర్టు తెరిచి చూపించారు. ఆలస్యమైన కిస్తీలన్నీ ఉన్నాయి, వాటి కింద బాకీ పూర్తిగా కట్టకుండా తగ్గించుకుని తెంపుకున్నాడని ఉంది. అప్పిచ్చే ప్రతివాడూ ఇదే చూస్తాడట, ఏళ్ల తరబడి చూస్తాడట! "మిగతాది కట్టి, పూర్తయిందని రాయించుకు రండి, అప్పుడు చూద్దాం" అన్నారాయన.

ఇంటికొచ్చి చెబితే సుగుణ చేతిలో గరిటె దించకుండానే, "ఏవండీ, సిలువ మీద ఆయన మన బాకీ సగం కట్టి దిగిపోయాడా?" అంది.

సహోదరులారా, పాస్టరుగారి ప్రసంగాలన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు! అదే జనరేటరు అమ్మి, డబ్బు పట్టుకుని గుడివాడలో ఆ ఫైనాన్సు వాళ్ల ఆఫీసుకి వెళ్లాను. వాళ్లు నవ్వారు. ఫైలు మూసేశామన్నారు, డబ్బు తీసుకుని ఇంటికెళ్లమన్నారు. ఎగ్గొట్టేవాడి వెంట పడడానికి మనుషులున్నారు గానీ కడతానన్నవాడి మాట వినడానికి అక్కడ ఒక్కడూ లేడు! నేను సొంత కుర్చీ తెచ్చుకుని వాళ్ల అద్దాల తలుపు ముందు వేశాను. "బాబూ, మీరు మా గుమ్మంలో కూర్చున్నారు, ఇప్పుడు మీ గుమ్మంలో నేను కూర్చుంటాను. దేవుడి దగ్గర తప్ప ఎవరి దగ్గరా నాకు తగ్గింపు వద్దు" అన్నాను. రోజూ వెళ్లి కూర్చుని కీర్తనలెత్తుకున్నాను. నా గొంతుకి నందివాడ గేదెలు పాలివ్వడం మానేశాయని వినికిడి.

చివరికి ఆ వసూలు కుర్రాడే నన్ను లోపలికి తీసుకెళ్లి, "సార్, ఈయన దగ్గర వసూలు చేయడం తేలికే, వదిలించుకోవడమే కష్టం. తీసేసుకోండి" అన్నాడు. తీసుకున్నారు, బాకీ లేదని కాగితమిచ్చారు, కొన్నాళ్లకి రిపోర్టులోనూ పూర్తిగా కట్టినట్టు మారింది. ఆలస్యమైన కిస్తీల మచ్చలు మాత్రం ఇంకా ఉన్నాయి, ఉండనివ్వండి, అవి నావే! ఇకమీదట వేళకి కడుతూ పోతే వాటి బరువు తగ్గుతుందన్నారు బ్యాంకు మేనేజరు గారు. లోను అడిగినంత రాలేదు, ఒక్క గదికే శ్లాబు పడింది. మొన్నటి గాలివానకి మా వీధి వీధంతా ఆ గదిలోకే వచ్చి స్తోత్రగీతాలు పాడింది, మహిమంతా నా దేవునిదే!

ఫోను మోగితే దాక్కుంటున్న సహోదరుడా, దాక్కోకు. సగం కట్టమని ఎవరైనా అంటే, రిపోర్టులో ఏమని రాస్తారో ముందు కాగితం మీద రాసిమ్మను. నీ దేవుడు సగంలో వదిలేవాడు కాడు, ఆయన్ని నమ్ముకో. గుడివాడకి తోడు కావాలంటే సోమవారం నేను ఖాళీయే.