పదహారు పాటల్లో ఆ గొంతు

మా ముత్తుకూరు వైపు ఊళ్లలో పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ పాడే బ్యాండు ఒకటి ఉండేది. నలుగురే మనుషులు: కీబోర్డు, డోలక్, ప్యాడ్స్, పాటగాడు. సినిమా పాటలతో మొదలుపెట్టి, జనం కుదురుకున్నాక సొంత పాటలు ఎత్తుకునేవాళ్లు. నేను ఆ సొంత పాటల కోసమే వెళ్లేదాన్ని. ఆరేళ్లపాటు స్టేజీ పక్కన నిలబడి ఫోన్లో రికార్డు చేసుకున్నాను. రొయ్యల షెడ్డులో తలలు తీసేటప్పుడు అవే వినేదాన్ని. ఐసుకు చేతులు మొద్దుబారిపోయినా చెవిలో ఆ గొంతు వెచ్చగా ఉండేది.

పోయిన ఏడాది పాటగాడికి గొంతు క్యాన్సర్ అని తేలింది. చెన్నైలో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. కొన్నాళ్లకు కీబోర్డు వాయించే అన్న మా షెడ్డు గేటు దగ్గరకు వచ్చాడు.

"మా దగ్గర ఒక్క పాటా లేదమ్మా. రికార్డు చేసుకోవాలని మాకెప్పుడూ తోచలా. నీ ఫోన్లో ఉండాయంట గదా. మంచివి ఏరిపెట్టు, అన్నీ ఒకచోట చేర్చి వాడికిస్తాం."

రెండు వారాలు కూర్చుని పదహారు ఏరాను. మొదట పెళ్లికూతుర్ని ఆటపట్టించే పాట పెట్టాను. అది వింటే ఎవరికీ కాళ్లు ఆగవు. తర్వాత, తుఫానుకు పడవ పోగొట్టుకున్నవాడి పాట. అందులో డోలక్ ఆగిపోయి గొంతు ఒక్కటే మిగిలే చోటు ఉంది. అంతకంటే మంచి చోటు నాకు ఏ పాటలోనూ దొరకలేదు. అన్న ఎంత శుభ్రం చేసినా వెనక జనరేటర్ మోత పోలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం వాటిని పాటగాడి ఇంటికి తీసుకెళ్లాం. మెడకు తెల్లగుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. ఏం చెప్పాలన్నా పలక మీద రాయడమే. కళ్లు మూసుకుని వింటున్నాడు. పడవ పాటలో, గొంతు ఒంటరిగా మిగిలే చోట, చిన్న దగ్గు వినిపించింది. చేయెత్తి ఆపించాడు. మళ్లీ వేయమని సైగ చేశాడు. అలా మూడుసార్లు విన్నాడు.

"ఇది ఎప్పటిది?" అని రాశాడు.

"రెండేళ్లయిందన్నా," అన్నాను.

"అప్పుడే ఉండింది," అని రాసి పలక మా వైపు తిప్పాడు.

టీ తెచ్చిన ఆయన భార్య అది చదివి, గ్లాసులు అక్కడే పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ దగ్గు నేను రికార్డు చేసిన రోజే విన్నాను. ఏడుపు ఆపుకుంటున్నాడనుకుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను.

"దాన్ని కోసేస్తాలేరా. తెలీకుండా అతికిస్తా," అన్నాడు అన్న.

ఆయన తల అడ్డంగా ఊపాడు. పలక తుడిచి, "తర్వాతది" అని రాశాడు.

మూడు నెలలు తిరక్కుండానే పోయాడు. మిగిలిన ముగ్గురూ వేరే పాటగాణ్ణి వెతుక్కోలేదు. అన్న ఆ పదహారు పాటల్నీ నెట్‌లో పెట్టాడు. విన్నవాళ్లు తక్కువే. నన్నడిగితే అందులో తీసేయదగ్గ పాట ఒక్కటీ లేదు.

కర్మలయ్యాక ఆయన భార్య కబురు చేసింది. ఫోన్లో పాటలు ఎట్టా పెట్టుకోవాలో చూపించమంది. పెళ్లికూతురి పాట పెట్టాను. సగంలో ఆపేసింది.

"ఇంట్లో ఎప్పుడూ పాడలేదమ్మా. స్టేజీ దిగొస్తే వేడినీళ్లు తాగి పడుకునేవాడు. పిల్లల్ని వదిలి నేను యాడికి పోయేది? మీరు తెచ్చిన పొద్దే నేను మొదట విన్నింది."

"ఇంకోటి పెట్టేదా అక్కా?"

"ఒద్దు," అంది. "రోజుకు సగం చాలు."