గోదాట్లో నన్ను పట్టుకున్న నర్సన్న

నిన్న పొద్దున బండి బయటికి తీస్తుంటే మోహన్ ఫోన్.

"నర్సన్న పోయిండు" అన్నాడు.

ఏ నర్సన్న అని అడిగాను. మనకున్నది ఒక్క నర్సన్నే అని తెలిసి కూడా అడిగాను.

మొన్న సాయంత్రం ముదిగొండ స్కూల్ నుంచి ఆటోలో నా పక్కనే కూర్చుని వచ్చాడు. నిన్న లేచి మొహం కడుక్కుని, ఛాతీలో నొప్పి అన్నాడట. దవాఖానాకి ఆటో వచ్చేలోపే అయిపోయింది.

నలభై నాలుగేళ్లు. అంతే.

ఖానాపురం హవేలిలో మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య రెండే గల్లీలు. అవి దాటడానికి నాకు అరగంట పట్టింది. చూడాలంటే భయం. అబద్ధం ఎందుకు చెప్పాలి. నిన్నటి నుంచి ఊరికే నా ఛాతీ నేనే తడుముకుంటున్నాను.

నెట్ సెంటర్‌లో కూర్చుని మన బ్యాచ్ అందరికీ ఇది టైప్ చేస్తున్నా. తప్పులుంటే ఏమీ అనుకోకండి.

నర్సన్న మా స్కూల్లో లెక్కల సార్. పిల్లల పేపర్లో తప్పు కొట్టడానికి ఆయనకి చెయ్యి రాదు. పక్కన పెన్సిల్‌తో "మళ్లీ చూడు" అని రాసేవాడు. హెడ్మాస్టర్ ఎన్నిసార్లు తిట్టినా అదే పద్ధతి.

మన బ్యాచ్‌లో అందరికీ పడవ కథ తెలుసు. తెలిసినవాళ్లు కూడా ఇంకోసారి చదవండి. మీకు తెలిసింది తప్పు.

ఐదేళ్ల కిందట, ఎండాకాలం సెలవులు. మూడు జంటలం. నర్సన్న, సుజాత వదిన. మోహన్, వాళ్ల మిసెస్. నేను, కవిత. భద్రాచలంలో దర్శనం చేసుకుని కూనవరం వెళ్లాం. లాంచీలో వందమందితో తోసుకుంటూ ఎందుకు, మనకే ఒక పడవ మాట్లాడుకుందాం అన్నది నేనే.

తెరచాప ఉన్న నాటు పడవ దొరికింది. పొద్దున వాలుకు దిగడం, ఇసుక తిన్నె మీద పులిహోర తినడం, మధ్యాహ్నం కింది నుంచి గాలి లేవగానే తెరచాప ఎత్తి వెనక్కి రావడం. ఇదీ ప్లాన్.

ఎక్కి కూర్చున్నాక పడవ నడిపే పెద్దాయన, ఈత ఎవరికి వచ్చు అని అడిగాడు. నేనొక్కణ్ణే చెయ్యెత్తాను. ఎర్రుపాలెంలో మా వ్యవసాయ బావిలో నేర్చుకున్న ఈత. కాస్త గొప్పగానే ఎత్తాను. ఆయన నన్ను అంచు దగ్గర నుంచి లేపి నడుమ కూర్చోబెట్టాడు.

"ఈతొచ్చినోళ్లే ముందుగాల దుంకుతరు సారూ. ఒక్కరు దుంకితే పడవ బోర్లపడ్తది. మిగిలినోళ్లంత పోతరు."

అందరూ నవ్వారు. నాకు మాత్రం కోపం వచ్చింది.

తిరుగు ప్రయాణంలో ఓ అరగంట హాయిగా సాగింది. మోహన్ కెమెరాలో రీలు మొత్తం అయిపోగొట్టాడు.

తర్వాత కొండల వెనక ఆకాశం నల్లబడింది. ఈదురుగాలి.

తెరచాప దించబోతే తాడు పైన ఇరుక్కుంది. పడవ ఒక పక్కకి ఒరిగిపోయింది. నీళ్లు లోపలికి వచ్చాయి. చీలమండల దాకానే వచ్చాయి. కానీ నడిగోదాట్లో కాళ్ల కింద నీళ్లు కదులుతుంటే ఎంత భయమో పడ్డవాడికే తెలుస్తుంది. కవిత ముందు వైపు కూర్చుంది. కళ్లు మూసుకుని రామా, రామా అంటోంది.

ఒడ్డు ఎంత దూరమో చూశాను. ఈదగలను అనిపించింది.

చెప్పులు విడిచాను. లేచి, అంచు మీద చెయ్యి వేశాను.

కవిత నాకు గుర్తుకు రాలేదు.

ఈ ఒక్క ముక్క రాయడానికే గంట నుంచి ఇక్కడ కూర్చున్నాను.

నర్సన్న రెండు చేతులతో నా నడుం పట్టుకుని కిందికి లాగాడు. నాకు భయమైతుంది, నన్ను ఇడిసిపెట్టకు రమేషూ అని అందరికీ వినబడేలా అరిచాడు. తర్వాత నా చెవిలో, మెల్లగా అన్నాడు.

"కూసో. నువ్వు దుంకితే కవిత సస్తది."

కూర్చున్నాను.

పెద్దాయన కత్తితో తాడు కోశాడు. తెరచాప కూలింది, పడవ నిలబడింది. అంతా ఐదు నిమిషాల్లో అయిపోయింది. నర్సన్న మాత్రం ఒడ్డు చేరేదాకా నా నడుం వదల్లేదు.

కూనవరంలో చాయ్ తాగుతూ మోహన్ మొదలుపెట్టాడు. ఇక ఐదేళ్లు, ఎవరింట్లో ఫంక్షన్ అయినా, నర్సన్న నన్ను ఎలా వాటేసుకున్నాడో యాక్ట్ చేసి చూపించడమే. మోహన్ తప్పు లేదు, వాడు చూసింది అదే. నేను కూడా అందరితో కలిసి నవ్వాను. సిగ్గులేని నవ్వు.

ఒకసారి స్టాఫ్ రూంలో ఇద్దరమే ఉన్నప్పుడు, దూకబోయింది నేనేనని అందరికీ చెప్పేస్తానని నర్సన్నతో అన్నాను. వద్దన్నాడు.

"భయం ఇద్దరికీ అయింది. పేరు ఒక్కనికొస్తే సాలదా?"

తల కూడా ఎత్తలేదు. పేపర్లు దిద్దుకుంటూనే అన్నాడు.

నిన్న సాయంత్రం కాష్టం దగ్గర నుంచి వచ్చాక సుజాత వదిన నన్ను పిలిచింది. అస్థికలు భద్రాచలం తీసుకెళ్లి పడవలో నడిగోదాట్లో కలపాలట. కర్మ నర్సన్న తమ్ముడు చేస్తాడు. పడవలో ఉన్నంతసేపూ కుండ మాత్రం నన్ను పట్టుకోమంది.

"ఈతొచ్చినోడివి. మీ అన్నకు నీళ్లంటే భయం గదా. నీ చేతుల ఉంటే ధైర్యంగ ఉంటడు."

సరే వదినా అన్నాను.

వదినా, మీ ఇంట్లో నెట్ లేదు. ఇది ప్రింట్ తీసి ముందు కవిత చేతిలో పెడతాను. తర్వాత మీ చేతిలో. కవిత ఏమంటుందో తెలియదు. ఆ రోజు పడవలో పడ్డంత భయం ఇప్పుడు పడుతున్నాను.

ఆయన భయపడింది మన ఆరుగురి కోసం. నేను నా ఒక్కడి కోసం.

ఇదంతా చదివాక కూడా ఆ కుండ నాకే ఇస్తే, రెండు చేతులతో పట్టుకుంటాను. ఇవ్వకపోతే ఒడ్డునే నిలబడి దండం పెట్టుకుంటాను.

పోయి రా నర్సన్నా. ఎక్కడున్నా నిమ్మళంగా ఉండు.