ఎత్తిన చెయ్యి

సచిన్ అనే మిల్లుల ఊళ్లో ఇరవై రెండేళ్లు సాంచాలు నడిపినవాడికి చెవులు మిగలవు. మరమగ్గాలను మా కరీంనగర్ వైపు సాంచాలంటాం. వంద సాంచాలు ఒక్కసారి కొట్టుకుంటుంటే పక్కన నిలబడి అరిచినా వినపడదు. అందుకే షెడ్డులో మాటలు తక్కువ, చేతులు ఎక్కువ. దూరం నుంచి ఎవడైనా నోరు కదిపితే చెయ్యి పైకెత్తాలి. 'అంతా బాగానే నడుస్తోంది, నీ పని చూసుకో' అని దాని అర్థం.

నాకు చెవుడు వచ్చిందని నా భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి గ్రహిస్తాను. వెనక నుంచి పిలిస్తే గోడతో మాట్లాడినట్టే. సాంచాల పని చేతకాక మానేశాక, ఊరికి దూరంగా సేఠ్ గారి తోటబంగళాలో కాపలా పని దొరికింది. నా భార్యకు వంటపని, ఇద్దరికీ ఒక గది. కాపలావాడికి చెవుడని తెలిస్తే మర్నాడే మూట సర్దుకోవాలి. ఈ వయసులో మమ్మల్ని మళ్లీ ఎవరు పెట్టుకుంటారు? ఆ భయంతోనే నవ్వుతూ, తల ఊపుతూ రోజులు నెట్టుకొస్తున్నాను.

తోట అంటే చిన్నదేం కాదు. పాలరాతి మెట్ల బంగళా, వెనక మామిళ్లు, సపోటాలు, ఒక కాలువ, కాలువ అవతల కనుచూపు మేర చెరుకు. సేఠ్ తల్లిని అందరూ బా అంటారు, గుజరాతీలో అమ్మ అని. నాతో హిందీలో మాట్లాడుతుంది. ఆమె ముసలి లాబ్రడార్‌ను రోజూ సాయంత్రం ఈ తోటంతా తిప్పి తేవాలి. మా ఊళ్లో కుక్కలు వాటంతట అవే తిరిగొస్తాయి, ఇక్కడ దానికి తోడుగా మనిషి కావాలి. సగంలో తిరిగొస్తే కుదరదు, బా మేడ మీద కూర్చుని చూస్తూ ఉంటుంది.

పోయినేడు చెరుకు కొట్టే రోజులవి. కోత మొదలైతే లోపలుండే చిరుతలు మిగిలిన చెరుకులోకి జరుగుతాయని అంటారు. ఆ సాయంత్రం నేను బయలుదేరుతుంటే నా భార్య నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"చెరుకు దిక్కు వోకు. జర పైలం. నీకేమన్న ఇనవడ్తదా?"

"కుక్కకు ఇనవడ్తది గద," అన్నాను.

"గా ముసలి కుక్క మీద పానం వెట్టుకుంటవా?" అని విసుక్కుంది.

కాలువ దాటాక దూరంగా గట్టు మీద చెరుకు కొట్టే కూలీలు కనిపించారు. ఒకడు నా వైపు చూసి ఏదో అంటూ చేతులు ఊపాడు. అంత దూరంలో పెదవులు ఏం కనిపిస్తాయి? పలకరిస్తున్నాడనుకున్నాను. ఇరవై రెండేళ్ల అలవాటు, చెయ్యి పైకెత్తాను. నాకు అర్థమైందనుకుని వాళ్లు తమ దారిన పోయారు. నేను చెరుకు పక్క బాటలోకి తిరిగాను.

పది అడుగులైనా వేయకముందే కుక్క ఆగిపోయింది. గొలుసు లాగితే కూర్చుంది. "నడువ్, బా చూస్తున్నది," అన్నాను. మొండికేసింది. కాళ్ల నొప్పులేమో అనుకుని తిట్టి, ఇంకోసారి లాగాను. అది నా కాళ్లకు ఒదిగి వణకసాగింది. ఏమైందో చూద్దామని వంగి, దాని రొమ్ము మీద అరచెయ్యి పెట్టాను.

సాంచా సరిగ్గా నడుస్తోందో లేదో నేను చెవితో కాదు, అరచెయ్యి ఆనించి తెలుసుకునేవాణ్ని. కుక్క రొమ్ములో సన్నని అదురు తెలిసింది, ఆగకుండా. అది గుర్రుమంటోంది. ఎంతసేపటి నుంచి గుర్రుమంటోందో, నేను లాగుతూనే ఉన్నాను.

తలెత్తాను. గాలి లేదు. నాలుగు బారల దూరంలో ఒక్కచోట మాత్రం చెరుకు ఆకులు కదిలాయి. వాటి మధ్య పసుపు రంగు చర్మం, నల్ల మచ్చలు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పరుగెత్తకూడదని మాత్రం తెలుసు. కుక్క మీద నుంచి చెయ్యి తీయకుండా, వంగి, వెనక్కి వెనక్కి అడుగులేశాను. ఒకసారి కళ్లు తిప్పితే అది ఎటు నుంచి వస్తుందో నాకు తెలియదు. చిరుత కన్నా అదే ఎక్కువ భయపెట్టింది. కాలువ దాటాక గానీ అరచేతి కింద అదురు తగ్గలేదు. అక్కడే కూలబడి ఏడ్చాను.

నేను వెనక్కి రావడం దూరం నుంచి చూసిన కూలీలు బంగళాకు వచ్చి జరిగింది చెప్పారు. బా నన్ను పిలిపించింది. "చిరుత ఉందని వాళ్లు అరిచి చెప్పారట, నువ్వు చెయ్యెత్తావట. విని కూడా ఎందుకు వెళ్లావు?"

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. తలుపు చాటున నా భార్య ముఖం కనిపించింది. "గల్తీ హో గయీ, బా. తప్పయింది. ఏం కాదులే అనుకున్నా," అన్నాను. మూర్ఖుడన్న పేరు వచ్చింది, చెవిటివాడన్న పేరు తప్పింది. ఆ రోజు నుంచి నడక కాలువ దాకానే.

మొన్న పశువుల డాక్టర్ వచ్చి కుక్కను చూసి వెళ్లాడు. బా నన్ను ఎదురుగా నిలబెట్టుకుని, దాని తల నిమురుతూ అంది:

"దీనికి చెవులు పూర్తిగా పోయాయట. ఇక దీని చెవులు నువ్వే, భాయ్. చుట్టూ అలికిడి వింటూ తిప్పు."

ప్రతి మాటా ఆమె పెదవుల మీద స్పష్టంగా కనిపించింది. కాలువ అవతల కోత మళ్లీ మొదలైంది. కుక్క నా మోకాలికి ఆనుకుని నిలబడింది. దాని కోసమైనా నిజం చెప్పాల్సింది.

నేను చెయ్యి పైకెత్తాను.