తువ్వాలు కట్టినవాడే విప్పాలి

మా వైపు కొండలు లేవు. ఏలూరు నుంచి ఆకివీడు దాకా ఎటు చూసినా నీళ్ళూ, గట్లే. మేడెక్కితే మాకు కొండెక్కినంత. అలాంటి చోట పుట్టిన నాకు ఎగరాలన్న పిచ్చి ఎందుకు పట్టిందంటే, మనుషులతో నాకు పెద్దగా పొసగదు. పగలు ఆఫీసులో ఫైళ్ళు, రాత్రి అద్దెగదిలో కిరసనాయిలు స్టవ్వు. అదే నా సంసారం. సెలవు పెట్టి మహారాష్ట్ర వెళ్ళి పారాగ్లైడింగ్ నేర్చుకున్నానని తెలిసి, 'ఇంకెవరిస్తారయ్యా నీకు పిల్లని?' అన్నారు ఆఫీసులో.

ఆయన అక్కడ పరిచయమయ్యారు. ఆకివీడు దగ్గర చేపల చెరువు చేసే మనిషి, నాకంటే బాగా పెద్ద. తిరుగు రైల్లో పులిహోర పంచుకుంటూ, ఇద్దరం కలిసి ఒక పాత రెక్క కొనాలని తీర్మానించుకున్నాం. రెక్క అంటే తాళ్ళతో మనిషిని మోసే ఆ పెద్ద గుడ్డే. ఉన్నది ఒకటే కాబట్టి ఒకరు ఎగిరితే ఇంకొకరు కింద ఉండాల్సిందే. తాడేపల్లిగూడెం దాటి మెట్టలోకి చాలా దూరం పోతే మాకో చిన్న కొండ దొరికింది. కొంచెం తీరికున్న ఆదివారాలన్నీ ఆయన మోటార్ సైకిల్ మీద అక్కడికే.

కొండ కింద మొక్కజొన్న చేను, పక్కనే మేం దిగే బీడు. రెండూ ఒక పెద్దావిడవి. వెళ్ళిన ప్రతిసారీ ఆవిణ్ణి అడిగాకే కొండెక్కాలని ఆయన పట్టు.

"పోయిన వారమే అడిగాం గదండీ" అని నేను విసుక్కుంటే, "పోయిన వారం భోంచేశాం గదాని ఇవాళ మానేస్తామాండీ?" అనేవారు.

చేలో కాలు పెట్టకూడదు. మేకల మీదుగా మరీ కిందుగా ఎగరకూడదు, అవి బెదిరి చెల్లాచెదురవుతాయి. గాలి నిలకడగా లేకపోతే రెక్క సంచీలోంచి తీయనే కూడదు. అలా ఊరికే ఎక్కి దిగి వచ్చిన రోజులు తక్కువేం కాదు. దారంతా నేను సణుగుతూనే ఉండేవాణ్ణి.

వీటన్నిటికంటే పెద్ద నియమం తువ్వాలుది. వాళ్ళ చెరువుల మీద ఒక అలవాటుందట. నాచు తీయడానికో, వల సరిచేయడానికో లోతు నీళ్ళలోకి దిగేవాడు గట్టు మీద కర్రకి తన తువ్వాలు కట్టి దిగుతాడు. కట్టినవాడే వచ్చి విప్పాలి. అది కర్ర మీద ఉన్నంతసేపూ గట్టు మీది మనిషి ఇంటికి వెళ్ళకూడదు. ఆ పద్ధతినే ఆయన కొండకి తెచ్చారు. బీడులో వెదురుకర్ర పాతి, ఎగిరేవాడు తన తువ్వాలు కట్టి కొండెక్కాలి. పైనుంచి చూస్తే గాలి ఎటు వీస్తోందో కూడా అదే చెబుతుంది. ఏదైనా ప్రమాదం కనిపిస్తే కిందివాడు ఆ తువ్వాల్ని కర్రతో సహా పీకి ఊపాలి. ఊపితే వెంటనే దిగిపోవాలి.

ఆ రోజు నా వంతు. గాలి ఎంత బాగుందంటే, కొండవాలుకి తగిలి అలా పైకి లేస్తూనే ఉంది. కింద ఆయన చీమంత కనిపిస్తున్నారు. దిగుదామనుకున్నాను, దిగబుద్ధి కాలేదు. నా కోసం ఎదురుచూసేవాళ్ళు ఈ లోకంలో ఎవరూ లేరు, ఎప్పుడు దిగితే ఎవరికేం అనుకున్నాను. ఆ మాట ఎప్పుడూ నన్ను ఏడిపించేదే, ఆ పూట మాత్రం హాయిగా అనిపించింది. ఇంకొక చుట్టు, ఇంకొక చుట్టు అంటూ పొద్దు వాలేదాకా అక్కడే తిరిగాను.

దిగేసరికి ఆయన సెల్‌ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నారు. చొక్కా చెమటతో తడిసిపోయింది.

"ఏమైందండీ?"

"ఏం లేదండీ. తువ్వాలు విప్పండి."

నేను గొప్పలు చెప్పుకుంటూ తాపీగా విప్పాను. ఎప్పుడూ టీ తాగే చోట ఆయన బండి ఆపలేదు. తాడేపల్లిగూడెం స్టేషన్ దగ్గర నన్ను దింపి, వెంటనే బండి తిప్పుకుని వెళ్ళిపోయారు. నాకు కోపం వచ్చింది. ఎక్కువసేపు ఎగిరానని కుళ్ళుకున్నాడనుకున్నాను.

ఆ తర్వాత చాలా ఆదివారాలు ఆయన రాలేదు. ఫోన్ చేస్తే పనుందనేవారు. ఉండబట్టలేక ఆకివీడు వెళ్ళాను. చెరువు ఎండగట్టి ఉంది. అడుగు మట్టి నెర్రెలిచ్చింది. ఆయన ఇంట్లో లేరు. ఆయన భార్య కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి చెప్పింది.

"ఆ వేళ ఇక్కడ గాలి స్తంభించిపోయిందండీ. మబ్బు, ఉక్క. నీళ్ళలో గాలి చాలక చేపలన్నీ నోళ్ళు తెరుచుకుని పైకి తేలిపోయాయండీ. నీళ్ళు తిరగబెట్టే ఇంజనేమో ఆయన చేతికి తప్ప ఎవరికీ లేవదు. మధ్యాహ్నం నుంచీ ఫోన్లు చేస్తానే ఉన్నామండీ. 'తువ్వాలు ఇంకా కర్ర మీదే ఉంది, ఎలా రానే' అన్నారు."

అంతలో ఆయన వచ్చారు. నేను లేచి నిలబడ్డాను.

"ఊపి ఉండచ్చు గదండీ. దిగేసేవాణ్ణి."

"ఊపితే మీరు కంగారు పడిపోతారండీ. కంగారుగా దిగినోడికి కాళ్ళిరుగుతాయి. చేపలదేముందండీ, మళ్ళీ వేసుకుంటాం."

వేసుకోలేదు. వేరేవాళ్ళ చెరువుల మీద పనికి కలిదిండి వెళ్ళిపోయారు, ఆదివారాలు కూడా తీరిక లేని పని. రెక్క నన్నే ఉంచుకోమన్నారు.

ఏడాది తర్వాత ఒక్కణ్ణే బస్సుల మీద ఆ కొండకి వెళ్ళాను. ముందు పెద్దావిణ్ణి అడిగాను. కర్ర పాతి తువ్వాలు కట్టాను. సరైన గాలి, ఆ రోజు లాంటిదే. తువ్వాలు చక్కగా ఒకే వైపుకి ఎగురుతోంది.

"ఎగరరేంటండీ?" అంది ఆవిడ, మేకల్ని తోలుకుపోతూ.

"కింద మనిషి లేరండీ."

ఆవిడ అటూ ఇటూ చూసి, అదీ నిజమేనన్నట్టు తలూపి వెళ్ళిపోయింది. నా కోసం ఎదురుచూసేవాళ్ళెవరూ లేరని నేను హాయిగా తిరిగిన పూట, ఒక మనిషి తన చెరువంతా పోగొట్టుకుంటూ నా కోసం ఇక్కడే నిలబడ్డాడు. ఇప్పుడు నిజంగానే ఎవరూ లేరు. కాసేపు అక్కడే కూర్చుని, తువ్వాలు విప్పి భుజాన వేసుకుని, బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాను.