తుమ్మెద వాసం

పడిశం పట్టినప్పుడు జామాయిల్ నూనె, అదే నీలగిరి తైలం, రెండు చుక్కలు రుమాలు మీద వేసుకుని పీలిస్తే ముక్కు తెరుచుకుంటుంది, ఆ వెంటనే నాకు కోపం కూడా వస్తుంది. చిన్నప్పటి కోపం అది.

అరకు కొండల్లో మా మామ్మ, అంటే నాన్నను కన్నతల్లి, ఒక్కర్తే సాగుచేసే మెట్ట ఒకటి ఉండేది. వానలకి సామలు, మేం చోళ్లనే రాగులు, చలి మొదలయ్యేసరికి కొండంతా పసుపు ఆరబోసినట్టు వలిసె పూలు, కొత్త పంట ఇంటికొచ్చాక చేసే కంది కొత్తల పండగకి కుండలో ఉడికే కందికాయల కమ్మటి ఆవిరి, మెట్ట అడుగున రాళ్ల మధ్య ఎండాకాలంలోనూ కారే ఊట, ఇదీ మా లోకం. మా ఇంటి చూరులో వెదురు వాసానికి గుండ్రటి బెజ్జం పెట్టుకుని ఒక నల్లతుమ్మెద కాపురముండేది. తేనెటీగల్లా దానికి దండు లేదు. తానే తొలిచి, తానే పుప్పొడి మోసి, పిల్లకొక గది కట్టేది. రాలిన పొట్టును మామ్మ రోజూ ఊడ్చేది గానీ బెజ్జం మూయనిచ్చేది కాదు. ఇల్లు మళ్లీ కప్పించినప్పుడు ఆ వాసాన్ని పొయ్యిలో పెట్టనివ్వక పశువులశాల చూరుకి కట్టించింది.

నేను మూడో తరగతిలో ఉండగా జామాయిల్ మొక్కలతో జీపు వచ్చింది. మెట్టలున్న వాళ్లందరూ నాటుకున్నారు. మామ్మ మాత్రం మొక్కలు పంచే ఆయనకి అడ్డంగా నిలబడింది.

"నీ సెట్టూ నానూ ఒకే ఊట నీల్లు తాగాల బాబూ. ముందది తాగేస్తే నాకేటి మిగుల్తాది?"

ముసలిదానికి మతిపోయిందని ఊరంతా నవ్వింది. నాన్నా నవ్వాడు.

కొన్నేళ్లకి పక్క మెట్టలో జామాయిల్ పూసింది. చూద్దును కదా, ఆ తెల్లటి కుచ్చుల మీద తుమ్మెద! నువ్వు వద్దన్న చెట్టే నీ తుమ్మెదకి నచ్చింది, నువ్వు ఓడిపోయావంటూ పరుగున వెళ్లి మామ్మని ఏడిపించాను. ఆవిడ చోళ్లు చెరగడం ఆపలేదు.

"ఏటే గుంటా, సంతకెల్లి తిన్నోల్లు సంతలోనే కాపరముంటారేటి? పొద్దోయేక అదెక్కడికొత్తాదో సూడు."

చూశాను. అది మా వాసంలోకే దూరింది. ఆనాటి నుంచి నేను మామ్మ పక్షం. ఆ చెట్లు కొండనిండా వరసకట్టి నిలబడ్డా కింద గడ్డి మొలవలేదు. ఒంటరి తుమ్మెద తిరిగిన మా మెట్టలో మాత్రం పువ్వు కాయవుతూనే ఉంది.

ఇప్పుడు చుట్టుపక్కల వలిసె పసుపు లేదు. కొత్తలకి కందికాయలు సంతలో కొంటున్నారు. పక్క మెట్టల ఊటలు ఎండిపోయాయి. మామ్మా లేదు, పూరిల్లూ లేదు. ఆ వాసాన్ని మాత్రం స్లాబింటి సన్‌షేడు కింద కట్టుకున్నాను. మామ్మ మెట్ట నా పేరున ఉంది, ఊట సన్నగానైనా కారుతోంది. జామాయిల్ వేసుకోమని ఏటా ఎవరో ఒకరు వస్తారు. కూర్చోబెట్టి ఊట నీళ్లు గ్లాసు నిండా ఇస్తాను. తాగనిచ్చి, వెయ్యనని చెప్తాను.