ముగ్గురికి ఇచ్చిన ఇల్లు

మార్కెట్లో ఆయన్ని అందరూ మైకు అనేవారు. ఉల్లిపాయల వేలంలో ధరలు అరిచి చెప్పడం ఆయన పని. బోర్లించిన పెట్టె మీద నిలబడి ఒక్క కేక వేశాడంటే, గేటు బయట లారీ దింపుతున్న కూలీలకు కూడా ఆ పూట ధర ఎంతో తెలిసిపోయేది. గుసగుసలాడటం ఆయన గొంతుకు చేతకాని విద్య. కూతురు లెక్కల పరీక్ష తప్పిందని భార్య చెవిలో చెప్పబోయి వీధి వీధంతటికీ చెప్పిన ఘనుడు. ఆ దెబ్బకు కూతురు రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

తర్వాత మార్కెట్టును ఊరి బయటికి మార్చారు. ధరలు తెరల మీద కనబడటం మొదలయ్యాక అరిచే మనిషితో ఎవరికీ పని లేకపోయింది. మార్కెట్టు వెనక ఆయన ఉంటున్న గదిని కూడా కూలగొట్టేశారు. అప్పటికే భార్య పోయింది. ఒక సంచీలో బట్టలు పెట్టుకుని, పది రోజులు ఉండి వేరే గది చూసుకుంటానంటూ కూతురింటికి వచ్చాడు.

కూతురు చెప్పుల షాపులో పని చేస్తుంది. రోజంతా నిలబడి, వచ్చినవాళ్ల పాదాల ముందు వంగి, సాయంత్రానికి నడుం పట్టేసి ఇంటికి చేరుతుంది. అల్లుడు మందుల షాపులకు సరుకు చేరవేసే వ్యాను నడుపుతాడు. వాళ్లకు ఒక్కతే పాప, రెండో క్లాసు. వాళ్లు ఉండేది మొదటి అంతస్తు. సరిగ్గా దాని కింద ఓనరుగారి కాపురం.

అద్దె ఎంత అని ఎవర్నడిగినా ఒక్క అంకె చెబుతారు. అడ్వాన్సు కింద పోయిన మెడలో గొలుసు, బ్రోకరుకు కట్టిన నెల అద్దె, మెయింటెనెన్సు, నీళ్లకు వేరే, ఖాళీ చేసేనాడు రంగుల పేరుతో కోసుకునేది, ఇవేవీ ఆ అంకెలో ఉండవు. పోనీ అన్నీ కూడినా లెక్క తేలదు. ఎందుకంటే ఇల్లు ఇచ్చేటప్పుడు ఓనరుగారు ఒక మాట అన్నాడు.

"ముగ్గురే కదమ్మా? మనిషి పెరిగితే మాత్రం వేరే ఇల్లు చూసుకోవాలి. ముందే చెప్తున్నాను, తర్వాత నన్ననొద్దు."

పది రోజులే కదా అని తండ్రి సంగతి చెప్పలేదు. ఆయనకు దొరికిన గదులన్నీ ఆయన అందుకోలేని ధరల్లో ఉన్నాయి. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ నెల దాటించారు. నెల దాటాక చెబితే ఇన్నాళ్లూ ఎందుకు దాచారంటాడు. ఇక నోరు కుట్టేసుకోవడమే నయమనుకున్నారు. పాపం, ఆ కుట్టు పడింది మాత్రం పెద్దాయన నోటికి.

"నాన్నా, ఏమీ అనుకోకు. కొంచెం మెల్లిగా మాట్లాడు. కింద వినపడుతుంది" అంది కూతురు మొదటి రోజుల్లో. చెబుతున్నప్పుడు ఆమె ఆయన మొహం వైపు చూడలేకపోయింది.

"దానికేముందమ్మా!" అన్నాడాయన. ఆ మాట కూడా పక్కింటికి వినపడింది.

కానీ నేర్చుకున్నాడు. దగ్గు వస్తే దిండులో మొహం దాచుకునేవాడు. చెప్పులు లేకుండా గోడ పక్కనే నడిచేవాడు. పగలు వాళ్లు ముగ్గురూ బయటికెళ్తూ తలుపుకు బయట తాళం వేసేవాళ్లు. తాళం వేసిన ఇంట్లో నీళ్లు పారితే కింద గొట్టంలో చప్పుడవుతుంది కాబట్టి, ఎవరో ఒకరు తిరిగి వచ్చేదాకా ఆయన కుళాయి తిప్పేవాడు కాదు. మనవరాలు ఇదంతా ఆటనుకుంది. తాతయ్యా, నువ్వే గెలిచావు, నాకు అసలు వినపడలేదు అని మెచ్చుకునేది. ఆయన గెలిచినందుకు మురిసిపోయేవాడు. ఇవన్నీ చూస్తూ కూతురు, వచ్చే ఏడు పెద్ద ఇల్లు తీసుకుందాం అనుకునేది. ఆ వచ్చే ఏడు రెండుసార్లు వచ్చి వెళ్లిపోయింది.

ఒకరోజు సాయంత్రం ఆమె పాపను స్కూలు నుంచి తీసుకుని వచ్చి తాళం తీసింది. తండ్రి బాత్రూములో నేల మీద పడి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. కాలు ఉండకూడని తీరులో వంకరపోయి ఉంది. పొద్దున బకెట్టు అంచుకు చెయ్యి తగిలిందట. అది దొర్లితే చప్పుడవుతుందని పట్టుకోబోయి ఆయన జారాడు. బకెట్టు పడలేదు.

"పిలవొచ్చు కదా నాన్నా! ఒక్క కేక వేస్తే కింద ఓనరుగారు వచ్చేవారు కదా!"

"అందుకేనమ్మా పిలవలేదు" అన్నాడాయన, పెదాలు కదిలీ కదలనట్టు.

అప్పుడామె అరిచింది. అచ్చం తండ్రి గొంతే. ఓనరుగారు లుంగీ సవరించుకుంటూ పైకి పరిగెత్తుకొచ్చాడు. పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి తనే ఒక పక్క పట్టుకుని దించాడు, తన కారులోనే ఆసుపత్రికి తెచ్చాడు. అల్లుడు వ్యాను ఎక్కడో వదిలేసి రొప్పుతూ వచ్చాడు. ఆసుపత్రి వరండాలో కూతురు రెండు చేతులూ జోడించింది.

"తప్పయిపోయిందండీ. మీకు చెప్పకుండా నాన్నను ఉంచుకున్నాం."

ఓనరుగారు ఇబ్బందిగా మెడ రుద్దుకున్నాడు. "ఉన్నారని నాకెప్పుడో తెలుసమ్మా. అందుకే కదా మీ నీళ్ల డబ్బులు పెంచాను, నలుగురి లెక్కన. ఎందుకు పెంచారని మీరడగలేదు, ఇక నేనూ ఆ మాట ఎత్తలేదు."

పెంచినప్పుడు అడగకపోవడానికి కారణం కూతురికి తెలుసు. అడిగితే ఇంట్లో ఎంతమంది అనే మాట వస్తుందని భయం. రెండేళ్లుగా నాలుగో మనిషికి డబ్బు కడుతూనే, ఆ మనిషిని లేనట్టు బతకమన్నారు. ఓనరుగారి మీద కోపం తెచ్చుకుందామని చూసింది. రాలేదు. వచ్చిన కోపమంతా తన మీదే.

ఆపరేషన్ అయిన మూడో రోజు ఆమె వార్డుకు వెళ్లేసరికి, చుట్టుపక్కల మంచాల మీది ముసలివాళ్లు నీళ్లనీ, నొప్పనీ గోల పెడుతున్నారు. తండ్రి మాత్రం ఎండిపోయిన పెదాలతో నర్సు తన వైపు ఎప్పుడు చూస్తుందా అని చూస్తున్నాడు. ఆమె గబగబా నీళ్లు పట్టించి, మంచం మీదికి వంగింది.

"గట్టిగా పిలువు నాన్నా. ఇక్కడ ఎవరూ ఏమీ అనరు. ఓనరుగారికి కూడా తెలిసిపోయింది. ఇంక ఎంత గట్టిగానైనా మాట్లాడొచ్చు."

ఆయన ప్రయత్నించాడు. మెడ నరాలు తేలాయి, కానీ బయటికి వచ్చింది రెండేళ్లుగా అలవాటైన ఆ చిన్న గొంతే. సిగ్గుపడినట్టు నవ్వి, ఆగిపోయాడు.

సెలైన్ మార్చడానికి వచ్చిన నర్సు ముచ్చటపడింది. "మీ నాన్నగారు బంగారమండీ. నోట్లో నాలుక లేని మనిషి. ఎప్పుడూ ఇంతేనా?"

కూతురు జవాబు చెప్పబోతుంటే, తండ్రి ఆమె చెయ్యి పట్టుకుని నర్సు వైపు చూసి తల ఊపాడు.

"ఎప్పుడూ ఇంతేనమ్మా" అన్నాడు. నర్సుకు వినపడక, ఆయన నోటి దగ్గరికి వంగి మళ్లీ అడిగింది.