పెళ్లిపందిట్లో మా అమ్మ నన్నారి

రంజాన్ నెల వచ్చిందంటే పొద్దు వాలేసరికి మా వంటింటి నిండా నన్నారి వాసన. ఆ సుగంధి వేర్లు దంచి, నానబెట్టి, మరగబెట్టి, ఆ నీళ్లతో అమ్మ పాకం పట్టేది. చల్లటి నీళ్లలో ఆ పాకం కలిపి, నిమ్మకాయ పిండి, నానిన సబ్జా గింజలు వేసి ఉపవాసం విడిచేవాళ్లకు పోసేది. హిందూపురంలో మా వీధిలో ప్రతి ముస్లిం ఇంట్లోనూ ఇలాంటిదేదో ఒకటి ఉండేది. మందు మాకు నిషిద్ధం. పండగైనా పెళ్లైనా మా సంబరమంతా ఈ గ్లాసుల్లోనే. దీన్ని అమ్మొచ్చని మాత్రం మాలో ఎవరికీ తోచలేదు.

అమ్మా నేనూ పట్టుచీరలకు కుచ్చులు కట్టేవాళ్లం. చీరలు తెచ్చిచ్చేది ధర్మవరం వ్యాపారి ఒకాయన. ఒక రంజాన్ సాయంత్రం ఆయన మా ఇంట్లో ఉండగానే అజాన్ వినిపించింది. అమ్మ ఆయన చేతికీ ఒక గ్లాసు ఇచ్చింది. తాగేసి, ఖాళీ గ్లాసు మళ్లీ చాపాడు.

"అక్కా, నా కూతురి రిసెప్షన్‌కు ఇదే కావల్ల," అన్నాడు.

ఎందుకో ఆయనే చెప్పాడు. కొడుకు పెళ్లిలో చుట్టాలు కొందరు తాగి కొట్లాడారు. కోడలి తరఫువాళ్లు విస్తళ్ల ముందు నుంచి లేచి వెళ్లిపోయారు. ఈసారి మందు వాసన కూడా ఉండకూడదని ఆయన పట్టుదల.

"మందు లేకుంటే ఎవరొస్తారప్పా అని మావోళ్లు నగుతాండారు. మీరే నన్ను గెలిపించల్ల."

అమ్మ వెనకాడింది. "ఇంట్లోవాళ్లకు చేసుకునేదాన్ని. అంత జనానికి నాతో యాడవుతాదన్నా?"

నేనే ఒప్పేసుకున్నాను.

మొదట పెట్టిన పాకం ముదిరి చేదెక్కింది. మొత్తం పారబోశాం. నాకు ఏడుపొచ్చింది. అమ్మ మాత్రం గిన్నె తోమి మళ్లీ పొయ్యి మీద పెట్టి, "మంట తగ్గించు," అంది. అంతవరకూ భయపడిన మనిషి ఆవిడే. ఆ వారమంతా నన్నారితో పాటు బాదం బంక వేసిన గులాబీ పాలు, చింతపండు షర్బత్ కూడా చేసి చేసి చూశాం.

రిసెప్షన్ రోజు ఎండ మండిపోతోంది. మా బల్ల పక్కనే కూల్‌డ్రింకుల పెట్టెలు పేర్చారు. మొదట్లో మా వైపు ఎవరూ రాలేదు. మందు లేదని నవ్విన చుట్టాల్లో పెద్దాయన ఒకరు, పెళ్లికూతురికి పెదనాన్న, దాహానికి ఆగలేక నన్నారి తీసుకున్నాడు. రెండోది అడిగాడు. మూడోదానికి వచ్చినప్పుడు స్నేహితులను వెంటబెట్టుకొచ్చాడు. ఆ తర్వాత మాకు తల ఎత్తే తీరిక లేదు. ఎప్పుడూ పదిమందిలో నిలబడని అమ్మ, ముసుగు సర్దుకుంటూ, "పాలదా, పుల్లదా?" అని అందరినీ అడుగుతోంది. పెళ్లికూతురు పట్టుచీర కుచ్చెళ్లు పట్టుకుని వేదిక దిగి వచ్చి మరీ తాగింది. ఒక్క గొడవ లేకుండా అందరూ భోజనం చేసి వెళ్లారు. వ్యాపారి మా బల్ల దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు.

కూల్‌డ్రింకులు పంపిన పెనుకొండ ఏజెన్సీ ఆయన కూడా ఆ పెళ్లికి వచ్చాడు.

"ఏమక్కా, నా పెట్టెలు తెరిచేవాళ్లే లేరు. ఇది సీసాల్లో పోసిస్తారా? నా బండి ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీ దాకా పోతాది."

అనుమతులు తెచ్చుకుని, మా వీధి ఆడవాళ్లను కలుపుకుని మొదలుపెట్టాం. ఇప్పుడు ధర్మవరంలో పెళ్లి కుదిరితే షర్బత్ బల్ల ఎవరిదని అడుగుతున్నారు. ఎండాకాలం అంగళ్లవాళ్లు ఫ్రిజ్‌లో ముందు వరస మా సీసాలకు వదులుతున్నారు. పెద్ద కంపెనీలు కూడా నన్నారి, గులాబీ పాలు సీసాల్లో నింపి పంపుతున్నాయి. అవి పక్కన ఉన్నా మావి అమ్ముడవడం ఆగలేదు.

మొన్న పెనుకొండ బస్టాండులో ఒక కండక్టరు అంగడి ముందు నిలబడి మా సీసా ఎత్తి గటగటా తాగుతున్నాడు. అమ్మ అతణ్ణే చూస్తూ నిలబడింది. తర్వాత నేరుగా వెళ్లి తనూ ఒకటి కొనుక్కుంది.

"ఇంట్లో అంత ఉండాదే, మళ్లీ కొన్నావేం?" అన్నాను.

"అంగట్లో కొని తాగితే ఎట్లుంటాదో చూద్దామని," అంటూ మూత తిప్పింది.